యూవీ గొట్టానికి పట్టిన సున్నం ఎలా వదిలించాలి?

పోయిన వేసవిలో రెంటచింతల మండలంలోని ఒక ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు చూడడానికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల షెడ్డు లోపల నిలబడలేని వేడి. ప్లాంటు నడిపే కుర్రాడు స్టీలు గొట్టం చివర నీలంగా మెరుస్తున్న మూతను చూపించి, "ఏడాదిన్నర అయిందన్నా, యూవీ లైటు ఒక్కరోజు కూడా ఆగలేదు" అన్నాడు సంతోషంగా. కరెంటు తీయించి, చివరి నట్టు విప్పి, లోపలున్న గాజు గొట్టాన్ని మెల్లగా బయటికి లాగాను. అది గాజులా లేదు, పండక్కి వెల్ల వేసిన గోడలా ఉంది. గోటితో గీస్తే తెల్లటి పెచ్చు ఊడి అరచేతిలో పడింది. కుర్రాడు దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది సున్నం కదన్నా" అన్నాడు. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు.

ఏడాదిన్నరగా ఆ లైటు వెలిగిన మాట నిజమే. ఆ వెలుగులో ఎంత భాగం నీళ్ళ దాకా వెళ్ళిందన్నది వేరే సంగతి. కంటికి కనిపించే ఆ నీలం వెలుగు క్రిములను చంపదు. చంపే కిరణం కంటికి కనిపించదు. దాన్ని నీళ్ళలోకి వెళ్ళనిచ్చేదీ, ఆపేసేదీ మధ్యలో ఉన్న ఆ గాజు గొట్టమే. కాబట్టి ఈ పని నేర్చుకోవాలంటే ముందు ఆ గాజు సంగతి తెలియాలి.

అది మామూలు గాజు కాదు

దాన్ని క్వార్ట్జ్ గాజు అంటారు. పొలం గట్ల మీద, గుట్టల కింద కనిపించే తెల్లటి పలుగురాయి ఉంది కదా, చీకట్లో రెండు ముక్కలు రుద్దితే లోపల్నుంచి మెరుపులా వెలుగు వచ్చే రాయి, దాని జాతే ఇది. బాగా శుద్ధి చేసిన పలుగురాయిని దాదాపు 2,000 డిగ్రీల వేడిలో కరిగించి గొట్టంగా లాగుతారు. అందులో సిలికా తప్ప మరొకటి ఉండదు. మన కిటికీ అద్దంలో మాత్రం సిలికా నూటికి 70 పాళ్ళ పైచిలుకే. మిగతాది సోడా, సున్నం. ఇసుకను తక్కువ వేడికే కరిగించడానికి సోడా వేస్తారు, అలా చేసిన గాజు నీళ్ళకు కరిగిపోకుండా సున్నం వేస్తారు. ఆ సోడా వల్ల, అందులో చేరిన ఇనుము జాడల వల్ల కిటికీ అద్దం 300 నానోమీటర్ల లోపు కిరణాలను దాదాపు పూర్తిగా మింగేస్తుంది. యూవీ దీపంలో పాదరసం ఆవిరి ఇచ్చే పనికొచ్చే కిరణం 254 నానోమీటర్లది. మామూలు గాజు గొట్టం పెడితే అది లోపలే చచ్చిపోతుంది. క్వార్ట్జ్ గాజైతే నూటికి 90 పాళ్ళ దాకా బయటికి వదులుతుంది.

ఆ కిరణం నీళ్ళలో ఉన్న క్రిమి మీద పడితే దాని డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు కణికలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ఆ క్రిమి రెండుగా చీలి పెరగలేదు. పెరగలేని క్రిమి మనిషిని జబ్బు చేయలేదు. ఇంతే దీని మర్మం. 1899లో జర్మనీలోని హనావు ఊళ్ళో హెరాయస్ కంపెనీలో పనిచేసే రిచర్డ్ క్యూఖ్, బుడగలు లేకుండా క్వార్ట్జ్ గాజు చేయడం సాధించాడు. కొద్ది ఏళ్ళకే అందులో పాదరసం దీపం పెట్టారు. 1910లో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో తాగునీళ్ళకు దాన్ని వాడి చూశారు. మన ఊరి షెడ్డులో ఉన్నది ఆ దీపానికి మునిమనవడే.

ఈ గాజుకు రెండో గుణం ఇంకా గొప్పది. వేడికి అది దాదాపు ఉబ్బదు. మీటరు పొడవున్న కిటికీ గాజు కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే సుమారు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది. వంటగది బోరోసిల్ గాజు 0.33 మిల్లీమీటర్లు సాగుతుంది. క్వార్ట్జ్ గాజు 0.055 మాత్రమే. లాంతరు చిమ్నీ మీద వానచుక్క పడితే టప్పున పగలడం మన పెద్దవాళ్ళకు తెలుసు. చుక్క పడ్డ చోట గాజు ముడుచుకుంటుంది, పక్కనున్నది ముడుచుకోదు, మధ్యలో బీట వస్తుంది. ముడుచుకోవడమే లేనప్పుడు బీట ఎక్కడిది? ఎర్రగా కాలిన క్వార్ట్జ్ ముక్కను చన్నీళ్ళలో ముంచినా పగలదు. అయితే దెబ్బకు మాత్రం అది మామూలు గాజే. వేడిని తట్టుకుంటుందని చేజార్చకండి.

సున్నం దాని మీదికే ఎందుకు వస్తుంది?

పల్నాడు నేల కిందంతా సున్నపురాయి. రెంటచింతల పక్కనే ఉన్న గోలిలో బౌద్ధ శిల్పాలు చెక్కింది ఈ రాతి మీదే. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళూ, మాచర్ల సిమెంటూ, పిడుగురాళ్ళ బట్టీల్లో కాలే సున్నమూ అన్నీ అందులోంచి వచ్చినవే. ఆ రాతి గుండా ఊరిన బోరు నీళ్ళు సున్నాన్ని కరిగించుకుని పైకి తెస్తాయి. నీళ్ళు కాచే హీటరు రాడ్డు చూశారుగా, నెల తిరక్కుండానే తెల్లగా గార కడుతుంది. చక్కెర వేడి నీళ్ళలో బాగా కరుగుతుంది, సున్నం తీరు దానికి తలకిందులు. నీళ్ళు వేడెక్కితే అది కరిగి ఉండలేక వేడి వస్తువు మీదే గట్టిపడుతుంది. యూవీ దీపం వెలిగినంత సేపూ దాని చుట్టూ ఉన్న క్వార్ట్జ్ గొట్టం గోరువెచ్చగా ఉంటుంది. నీళ్ళు కదలకుండా నిలిచి దీపం వెలుగుతుంటే ఇంకా వేడెక్కుతుంది. ఎండాకాలం వార్తల్లో రోజూ పేరు వినిపించే రెంటచింతలలో, మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సాయంత్రానికి ఎంత వేడిగా వస్తాయో చెప్పక్కర్లేదు.

యూవీ దీపాలు చేసేవాళ్ళు లీటరుకు 120 మిల్లీగ్రాముల లోపు కాఠిన్యం, 0.3 మిల్లీగ్రాముల లోపు ఇనుము ఉన్న నీళ్ళే పంపమంటారు. యూవీకి ముందు ఆర్‌ఓ ఉన్న ప్లాంటులో గొట్టానికి సున్నం పట్టడం నెమ్మదిగా ఉంటుంది. రుచి కోసం ఆర్‌ఓ నీళ్ళలో మళ్ళీ బోరు నీళ్ళు కలిపే చోటా, ఇసుక ఫిల్టరు తర్వాత నేరుగా యూవీ పెట్టిన చోటా తొందరగా పడుతుంది. నేను చూసిన ఊరు ఈ తొందరగా పట్టే రకం. ఆర్‌ఓ నీళ్ళే నేరుగా యూవీకి వెళ్ళేచోట ఆరు నెలలకొకసారి చూస్తే సరిపోతుంది. మిగతా చోట్ల నెలకొకసారి గొట్టం తీసి చూడాలి. రెండు మూడు సార్లు చూశాక మీ నీళ్ళ తీరు మీకే తెలిసిపోతుంది.

ముందు సామాను సర్దుకోండి

నిమ్మ ఉప్పు 100 గ్రాములు, కిరాణా కొట్టులో దొరుకుతుంది. ఉతికిన పాత పంచె ముక్క. చేతులకు రబ్బరు లేదా నూలు తొడుగులు. కళ్ళద్దాలు. మందుల షాపులో దొరికే స్పిరిట్ కొంచెం. గొట్టం పట్టేంత పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క, ఒక చివర మూత వేసినది. అదే నానబెట్టే తొట్టి. నల్లటి రబ్బరు రింగులు కొత్తవి రెండు. వీటిని ఓ-రింగులంటారు. పాతవి మళ్ళీ వేస్తే నీళ్ళు కారే అవకాశం ఎక్కువ, అందుకే ముందే కొని ఉంచుకోండి. నేల మీద మందపాటి దుప్పటి పరవండి. గట్టి నేల మీద పెట్టిన గొట్టం దొర్లి పగలడం నేను చూశాను. ఒక్క నిమిషం పని, రెండు రోజుల ఆలస్యం.

విప్పే పని

స్విచ్ తీయడం చాలదు, ప్లగ్గు పీకండి. చోక్‌లో మిగిలిన కరెంటు పోవడానికీ దీపం చల్లారడానికీ పది నిమిషాలు ఆగండి. ఈలోగా, గాజు గొట్టాన్ని చుట్టి ఉండే స్టీలు ఛాంబరుకు ముందూ వెనకా వాల్వులు కట్టి, కింది కొళాయి విప్పి నీళ్ళు వదిలేయండి. ఒత్తిడి మిగిలి ఉండగా నట్టు తిప్పితే గొట్టం బాణంలా బయటికి వస్తుంది.

తర్వాత దీపం. దాని చివర ఉన్న తెల్లటి పింగాణీ భాగాన్నే పట్టుకుని తిన్నగా లాగండి, పొడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. దీపం గాజును ఒట్టి వేళ్ళతో ముట్టుకోకండి. చేతి జిడ్డు పలచటి పొరలా అంటుకుని కిరణాన్ని మింగుతుంది. మోటారు బండి హాలోజెన్ బల్బును చేత్తో పట్టుకోవద్దని మెకానిక్ చెప్పేదీ ఈ గాజు గురించే. అక్కడ వేడి వందల డిగ్రీలు కాబట్టి చెమటలోని ఉప్పు గాజులోకి దిగి, ఆ చోటే తిరిగి పలుగురాయిలా గట్టిపడి తెల్లబడుతుంది. మన గొట్టం అంత వేడెక్కదు, అయినా జిడ్డు జిడ్డే.

ఇప్పుడు గొట్టం. చివరి నట్టు చేత్తో వదులు చేసి, పాత రబ్బరు రింగును తీసి, గొట్టాన్ని తిన్నగా లాగండి. ఒకవైపు వంచితే ఛాంబరు అంచుకు తగిలి విరుగుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒకటి అలాగే విరగ్గొట్టాను. రాకుండా మొరాయిస్తే ముందు నిమ్మ ఉప్పు నీళ్ళు ఛాంబరులో నింపి గంట ఉంచండి. అంచు దగ్గర పట్టిన సున్నం వదిలాక దానంతటదే జారుతుంది.

వెలుతురుకు ఎత్తి చూడండి

షెడ్డు బయటికి తీసుకొచ్చి, సూర్యుడి వైపు కాకుండా, తెల్లటి ఆకాశం వైపు గొట్టాన్ని ఎత్తండి. తెల్లటి పెచ్చు కడితే సున్నం. గోధుమ, ఎరుపు మరక ఉంటే ఇనుము. వేలికి జారుడుగా తగిలితే నాచు, క్రిముల పొర. ఈ చివరిది కనిపిస్తే ఆ దీపం చాలాకాలంగా పనిచేయడం లేదన్నమాట. గొట్టం లోపలివైపు చెమ్మ కనిపిస్తే రబ్బరు రింగు కారుతోంది, దాన్ని సరిచేయకుండా దీపం పెట్టకండి. ఇక ఎంత కడిగినా పోని పాలలాంటి మసక ఉంటే కొత్త గొట్టం కొనాల్సిందే.

సున్నం వదిలించడం

లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. గొట్టం రెండు చివర్లా తెరిచి ఉండే రకమైతే లోపలికి నీళ్ళు పోకుండా రబ్బరు బిరడాలు పెట్టి, ఆ పైపు తొట్టిలో నిలబెట్టి నీళ్ళు పోయండి. వెంటనే బుసబుసమని సన్నటి బుడగలు లేస్తాయి. సున్నం కరుగుతూ వదులుతున్న బొగ్గుపులుసు గాలి అది. చెవి దగ్గర పెడితే సోడా సీసా విప్పినట్టు వినిపిస్తుంది. అరగంట తర్వాత బుడగలు ఆగితే పని అయినట్టే. పెచ్చు మందంగా ఉంటే కొత్త నీళ్ళు కలిపి ఇంకోసారి నానబెట్టండి. తొందర పడి గీకకండి. స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి రెండూ వద్దు. ఆ పొడిలో ఉండేది కూడా మెత్తటి రాతి పొడే, గాజు మీద సన్నటి గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్ళీ సున్నం ముందుగా నాటుకుంటుంది.

యాసిడ్ సీసా మీద నా మాట వినండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పలచగా వేస్తే క్వార్ట్జ్ గాజుకు ఏమీ కాదు గానీ, స్టీలు ఛాంబరును తినేస్తుంది, మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. అదే షెడ్డులో బ్లీచింగ్ పౌడర్ ఉంటుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఆ రెంటినీ ఒకేరోజు ఒకే గదిలో విప్పకండి. రాళ్ళ మీద మరకలు తీసే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. క్వార్ట్జ్‌ను మామూలు వేడిలోనే కొరికేసే యాసిడ్ అది, చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. దాన్ని ఈ పనికి దగ్గరికి కూడా రానివ్వకండి. కాస్టిక్ సోడా నీళ్ళు కూడా వాడకండి. మామూలు యాసిడ్‌కు లొంగని ఈ గాజు క్షారానికి, అందులోనూ వేడిగా ఉంటే, మెల్లగా కరుగుతుంది.

సున్నం పోయాక ఆర్‌ఓ నీళ్ళతో రెండుసార్లు కడిగి, పంచె ముక్కతో తుడిచి, చివరగా స్పిరిట్ తడిపిన గుడ్డతో పై నుంచి కిందికి ఒకేసారి తుడిచేయండి. ఇకపై తొడుగు లేని చేయి దానికి తగలకూడదు.

కొన్నది అసలుదేనా?

విరిగిన గొట్టం బదులు తెచ్చింది క్వార్ట్జ్ కాకపోవచ్చు. ధర తక్కువని బోరోసిల్ గాజు గొట్టం అంటగట్టిన సందర్భం నాకు ఎదురైంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, బరువులో కూడా తేడా తెలియదు. కిటికీ గాజునైతే కోసిన అంచు చూసి పట్టేయవచ్చు, ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. బోరోసిల్‌ను పట్టడానికి నిప్పే దారి. మీ దగ్గరున్న పాత గొట్టం ముక్కనూ, అనుమానం ఉన్న గొట్టం నుంచి విరిగిన ముక్కనూ కంసాలి దగ్గరికి తీసుకెళ్ళండి. కళ్ళద్దాలు పెట్టుకుని, పట్టకారుతో ఒక్కొక్కటే గ్యాసు మంటలో ఉంచమనండి. బోరోసిల్ ముక్క మంటను పసుపుపచ్చగా మారుస్తుంది, కాసేపటికి దాని పదునైన అంచు మెత్తబడి గుండ్రమవుతుంది. క్వార్ట్జ్ ముక్క తెల్లగా వెలిగి మండుతున్నట్టు కనిపిస్తుందే గానీ అంచు అలాగే నిలుస్తుంది. 1,600 డిగ్రీలు దాటితే గానీ అది మెత్తబడదు. తర్వాత ఆ క్వార్ట్జ్ ముక్కను నీళ్ళ గిన్నెలో వేయమనండి, పగలదు. కంసాలి కూడా రెండోసారి చూస్తాడు.

వెలిగే దీపాన్ని గొట్టంలోంచి చూసి పరీక్షించబోకండి. ఆ కిరణం కంటిపై పడితే వెల్డింగు చూసిన రాత్రిలా కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది.

మళ్ళీ బిగించడం

కొత్త రబ్బరు రింగును నీళ్ళతో తడిపి గొట్టానికి ఎక్కించండి, నూనె వద్దు. గొట్టాన్ని తిన్నగా లోపలికి జరిపి, నట్టును చేత్తోనే బిగించండి. స్పానరుతో బిగిస్తే గాజు అంచు చిట్లుతుంది. ఇప్పుడు దీపం పెట్టకుండానే ముందు వైపు వాల్వు కొంచెం తెరిచి నీళ్ళు నింపండి. అయిదు నిమిషాలు గొట్టం లోపలికి చూస్తూ కూర్చోండి. పొడిగా ఉంటేనే దీపం పెట్టి, కనెక్టరు తగిలించి, మూత వేసి, చివరగా ప్లగ్గు పెట్టండి. దీపానికీ గొట్టానికీ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. చన్నీళ్ళు నేరుగా దీపాన్ని చల్లబరచకుండా కాపాడేది అదే. పాదరసం దీపం సుమారు 40 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది, మరీ చల్లబడితే కిరణం తగ్గిపోతుంది.

మొదటి పది నిమిషాల నీళ్ళు పారబోయండి. మరునాడు నీళ్ళ పరీక్షకు వాడే హెచ్‌టూఎస్ సీసాలో నీళ్ళు పోసి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచండి. నల్లబడితే నీళ్ళలో మలం తాలూకు క్రిములు ఉన్నాయని అనుమానించాలి, అప్పుడు ప్లాంటు ఆపి ల్యాబులో పరీక్ష చేయించండి. ఒక సంగతి మాత్రం ఊళ్ళో అందరికీ చెప్పండి: యూవీ ఫ్లోరైడును తీయదు, ఉప్పును తీయదు. దాని పని క్రిముల వరకే. అది దాటిన నీళ్ళను కాపాడే మందు కూడా నీళ్ళలో మిగలదు కాబట్టి మురికి క్యానులో పోస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ గాజు ఇంకెక్కడ పనిచేస్తుందంటే

ఒకసారి చేత్తో పట్టుకున్నాక దీన్ని చాలాచోట్ల గుర్తుపడతారు. చలికాలం గదిలో పెట్టే రాడ్ హీటర్ గొట్టం ఇదే. సెల్‌ఫోను చిప్పులకు సిలికాన్ పలకలను 1,000 డిగ్రీల పైన కాల్చే కొలుముల్లో గొట్టాలూ, సిలికాన్ కరిగించే మూకుళ్ళూ ఇదే. వేడికి రూపం మారకపోవడం, మలినాలను సిలికాన్‌లోకి దాదాపు వదలకపోవడం, ఈ రెండు గుణాలకు అక్కడ ఎంతో విలువ. రెంటచింతల వీధి స్తంభాల మీద వేలాడే ఇంటర్నెట్ ఫైబరు లోపలున్న దారం కూడా సిలికా గాజే. అయితే దాన్ని రాయి కరిగించి కాదు, ఆవిరి నుంచి పేర్చి చేస్తారు.

నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం అభ్రకం గనుల పక్కనే పలుగురాయి విస్తారంగా తవ్వుతారు. కానీ మూకుళ్ళకు పనికొచ్చే అత్యంత శుద్ధమైన రాయి ప్రపంచంలో కొద్ది చోట్లే దొరుకుతుంది. అమెరికాలోని స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరు అందులో ముఖ్యం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ ఊరిని ముంచెత్తితే చిప్పుల కంపెనీలు కంగారుపడ్డాయి.

దీపం ఆయుష్షు సుమారు 9,000 గంటలు. ఆపకుండా వెలిగిస్తే ఏడాదికి 8,760 గంటలు అవుతాయి కాబట్టి, వెలుగుతూనే ఉన్నా ఏడాదికొకసారి మార్చేయండి. నీలం వెలుగు తగ్గకముందే లోపలి 254 కిరణం తగ్గిపోతుంది. పాత దీపంలో పాదరసం ఉంటుంది, చెత్తకుండీలో వేయకండి, పగలగొట్టకండి. అట్టపెట్టెలో పెట్టి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. చేతిలో పగిలితే తలుపులు తెరిచి అందరినీ బయటికి పంపండి. చీపురుతో ఊడ్చకండి. పాదరసం బొట్లు చెదిరి సందుల్లో చేరతాయి. గట్టి అట్టముక్కతో ఎత్తి, మిగిలినవి టేపుకు అంటించి, మూతున్న సీసాలో వేయండి.

ఆ ఊళ్ళో పని ముగించి గొట్టాన్ని బిగించే ముందు కుర్రాడికి ఇచ్చి వెలుతురుకు ఎత్తమన్నాను. వేలిముద్ర పడకుండా పంచె ముక్కతో పట్టుకుని, అందులోంచి అవతలున్న వేపచెట్టును చూశాడు. తర్వాత షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఆ రోజు తేదీ, గొట్టం కడిగాం, దీపం కొత్తది అని మూడు వరుసలు రాశాడు. వాటి కింద నాలుగో వరుసకు ఖాళీ వదిలి, వచ్చే నెల తేదీ వేశాడు.